గుండీలు మిగిలిన చదువు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధి మొత్తానికి అతను రేపయ్య. బట్టలు ఎప్పుడిస్తావయ్యా అంటే రేపు అంటాడు. ఆ రేపు వచ్చాక వెళ్ళి అడిగితే, నిన్న చెప్పినంత ధీమాగానే మళ్ళీ రేపు అంటాడు. అబద్ధమాడుతున్న ఛాయలు మొహంలో వెతికినా దొరకవు. ఎందుకంటే ఆ మాట అంటున్నంతసేపూ దాన్ని అందరికన్నా ముందు నమ్మేది అతనే. దర్జీ పని చేసేవాళ్ళని మాస్టారూ అని పిలవడం లోకంలో మామూలు. ఇతని విషయంలో ఆ మర్యాద కాస్తా రేపుల్లో కొట్టుకుపోయింది.

అలాగని పని రానివాడేం కాదు. కత్తెర పట్టాడంటే గుడ్డ దానంతటదే దారి ఇస్తుంది. అసలు అతని దగ్గర ఆలస్యమయ్యేది కుట్టడం కాదు. చొక్కా కుట్టేస్తాడు, చేతులు అతికిస్తాడు, కాలరు చక్కగా కూర్చోబెడతాడు. అంతటితో ఆ చొక్కా మీద అతనికి మోజు తీరిపోతుంది. ఇక గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, మనిషి చేతిలో పెట్టడం ఒక్కటే మిగులుతుంది. ఆ మిగిలినదానికే ఈ రేపులన్నీ. ఇంటి ముందు గదే అతని షాపు. అందులో గోడవారగా కట్టిన కర్రకి వేలాడే బట్టలన్నీ దాదాపు అయిపోయినవే, ఒక్కటీ పూర్తి కానివే. “అయిపోయిందండీ, గుండీలే మిగిలాయి” అనే మాట ఆ ఇంట్లో ఎంతగా అలవాటైపోయిందంటే, వంట ఎందాకా వచ్చిందే అని అడిగితే కూతురు కూడా అదే మాట అంటుంది.

అలాంటి రేపయ్యని ‘సార్’ అని పిలిచే చోటు ఒకటుంది. మూడు వీధుల అవతల కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రం. మధ్యాహ్నాలు అక్కడ కటింగ్ క్లాసు చెప్తాడు. పొద్దస్తమానం రేపు రేపు అనే మనిషి అక్కడికి మాత్రం గడియారం కన్నా ముందే వెళ్తాడు. మొదటి రోజు వెనక బెంచీలోంచి ఎవరో “సార్, చంక దగ్గర ముడత వస్తోంది సార్” అంటే, ఎవరొచ్చారా అని గుమ్మం వైపు తిరిగి చూశాడట. తననే అని తెలిశాక ఆ ముడత ఎందుకొస్తుందో, ఎన్ని రకాలుగా వస్తుందో, దాన్ని ఎలా వదిలించాలో బోర్డు నిండా బొమ్మలు గీసి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు.

ఈ వైభవం మీద ఒక కొత్త రూలు వచ్చి పడింది. పాఠం చెప్పేవాళ్ళెవరైనా పదో తరగతి పాసై ఉండాలట. రేపయ్య చిన్నప్పుడు బడి మధ్యలో వదిలేసిన బాపతు. కేంద్రాన్ని నడిపే మేడమ్ మంచిదే, అతన్ని పిలిచి మెల్లగా చెప్పింది. “రూలు నా చేతిలో లేదు మాస్టారూ. ప్రైవేటుగా కట్టి రాసేయండి, మీకదెంత.” అతను కట్టాడు, రాశాడు. లెక్కలూ భాషలూ ఎలాగో గట్టెక్కాయి. సైన్సు మునిగింది.

సైన్సు చదవలేదని మాత్రం అనడానికి వీల్లేదు. పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాడు, మళ్ళీ చదివాడు. పరీక్ష రాసి వచ్చిన రోజు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి తన జవాబులన్నీ గర్వంగా ఏకరువు పెట్టాడు కూడా.

“కటకం నాభ్యంతరం అంటే ఏమిటని అడిగాడు. నాకు కొట్టిన పిండి. భుజం నుంచి నాభి వరకు ఉండే దూరం, అది మనిషిని బట్టి మారుతుంది అని రాశాను. కొలిచేటప్పుడు ఎదుటిమనిషి ఊపిరి బిగబట్టకుండా చూసుకోవాలని కూడా రాశాను.”

కాలేజీలో చదివే కూతురు రెండు చేతులతో తల పట్టుకుంది. “కటకం అంటే గాజు అద్దం నాన్నా, కళ్ళజోడులో ఉంటుందే, అది. వెలుతురు దాంట్లోంచి పోయి ఒక చుక్కలాగా కలుస్తుంది. ఆ చుక్కని నాభి అంటారు. అద్దం నుంచి ఆ చుక్క దాకా ఉన్న దూరం నాభ్యంతరం.”

కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చున్న అత్తగారు అప్పుడు నోరు విప్పింది. ఆవిడ రేపయ్య భార్యకి తల్లి, మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచీ కూతురి దగ్గరే ఉంటోంది. “అద్దానికి బొడ్డేమిటే, విడ్డూరం కాకపోతే. అల్లుడుగారు రాసిందే సబబుగా ఉంది.” ఆవిడ అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు. దురదృష్టం కొద్దీ పేపర్లు దిద్దింది ఆవిడ కాదు.

మేడమ్ ఇంకో అవకాశం ఇచ్చింది. తప్పినవాళ్ళకి మళ్ళీ పరీక్ష పెడతారు, అప్పటిదాకా మీ చోటు మీదే, ఆ తర్వాత మాత్రం నా వల్ల కాదు అంది. రేపయ్య గుండెల్లో రాయి పడింది. తిండికి భయం లేదు, షాపుంది. భార్య సిటీ బస్సులో కండక్టరు. పోయేదల్లా ఆ ‘సార్’ ఒక్కటే. కానీ అది పోతే ఇక మిగిలేది రేపయ్య, పొద్దున్నించి సాయంత్రం దాకా రేపయ్య. అది తలుచుకుంటే అతనికి నిజంగానే ఏడుపు వచ్చేది.

ఇంట్లో చదువు యజ్ఞం మొదలైంది. దాని పెత్తనమంతా కూతురిదే. గంటలవారీగా ఒక టైమ్‌టేబుల్ రాసి, రంగులు వేసి, కటింగ్ బల్ల ఎదురుగా అంటించింది. రేపయ్య దాన్ని చూసి మురిసిపోయాడు. చూడగా చూడగా దాని అంచు ఒక పక్కకి వాలినట్టు అనిపించింది. తీసి, సుద్దతో గీత గీసి, కత్తెరతో సరిచేసి మళ్ళీ అంటించాడు. ఆ ఉదయం సైన్సుకి కేటాయించిన సమయం దానికే సరిపోయింది.

“చదువుకి ఒక చోటంటూ ఉండాలి నాన్నా” అని బల్ల మీద ఒక మూల ఖాళీ చేయించింది కూతురు. అతను కూర్చున్నాడు. కూర్చోగానే కింద దారప్పోగులు కనిపించాయి, ఊడ్చాడు. మిషను కిర్రుమంటున్నట్టు తోచింది, నూనె వేశాడు. పెన్సిలు మొద్దుబారింది, చెక్కాడు. చెక్కిన పెన్సిలు అంత బాగుంటే మిగతావి ఏం పాపం చేశాయని వాటినీ చెక్కాడు. ఇక చదవకుండా ఉండటానికి ఏ కారణమూ మిగల్లేదనుకునే వేళకి చొక్కా కోసం ఒకాయన వచ్చాడు. రేపయ్య అంత ఆప్యాయంగా ఒక గిరాకీని కూర్చోమనడం వీధిలో ఎవరూ ఎరగరు.

పడకగదిలో చదివితే నిద్ర వచ్చింది. వంటింట్లో చదివితే, తరగమని భార్య ఇచ్చిన కూరగాయలు చేతికొచ్చాయి. ముఖ్యమైనచోట గీతలు పెట్టుకోమని కూతురు రంగు పెన్నులిస్తే, అన్నీ ముఖ్యమే అనిపించి అన్నిటికీ పెట్టాడు. పుస్తకం గళ్ళ లుంగీలా తయారైంది. ఫోన్లో పాఠాల వీడియోలు పెట్టి ఇస్తే, మొదటిది అయ్యీ కాకుండానే పక్కనే కోటు కాలరు కుట్టే వీడియో ఒకటి తగిలింది. దాన్ని చివరిదాకా చూసి, కుట్టినవాడి తప్పులన్నీ పట్టుకున్నాడు.

కానీ చదవడం మాత్రం ఆపలేదు, అదే చిత్రం. రోజూ పేజీలు తిరుగుతూనే ఉన్నాయి.

“చదివావా నాన్నా?”

“చదివేశాను.”

“ఏం చదివావు?”

“మూడో పాఠం.”

“అందులో ఏముంది?”

అతను కాసేపు పైకప్పు వంక చూసి, “చాలా ఉంది” అన్నాడు.

కూతురు చేతులెత్తేసింది. సరిగ్గా అప్పుడే భార్య డ్యూటీ దిగి వచ్చింది. టిక్కెట్ల సంచి వంకీకి తగిలించి, కుర్చీలో కూలబడి, ఇద్దరి మొహాలూ చూసింది. సంగతి విని, రంగుల పుస్తకం తిరగేసి, ఆ తర్వాత కర్రకి వేలాడే బట్టల వైపు ఒకసారి తేరిపార చూసింది.

“మీ పాఠాలూ వీటిలాగే ఉన్నాయండీ. అన్నీ కుట్టేశారు. గుండీలే మిగిలాయి.”

“చదువుకి గుండీలేమిటే?”

“అప్పజెప్పడం. మా బళ్ళో మాస్టారు పాఠం చదివావా అని ఏనాడూ అడగలేదు. పుస్తకం మూసి అప్పజెప్పమనేవాడు. చొక్కా మీరు ఎంత కుట్టినా, మనిషికి అప్పజెప్తేనేగా అయినట్టు? పాఠమూ అంతే. చదవడం వేరు, చదువుకోవడం వేరు. మీరు చదువుతున్నారు గానీ చదువుకోవట్లేదు.”

రేపయ్య నీళ్ళు నమిలాడు. జీవితమంతా తను తప్పించుకు తిరుగుతున్న పని పేరూ అదే, పుస్తకంలో మిగిలిపోయిన పని పేరూ అదే. “ఎవరికి అప్పజెప్పను?” అని గొణిగాడు. కూతురికి కాలేజీ, భార్యకి డ్యూటీ. పగలంతా ఇంట్లో ఉండేది ఒక్కరే. ముగ్గురి చూపులూ ఒక్కసారే పేము కుర్చీ వైపు తిరిగాయి.

“మీ అమ్మకి సైన్సు తెలుసా?” అన్నాడు గొంతు తగ్గించి.

“మీకు బట్టలిచ్చేవాళ్ళకి కుట్టు తెలుసా? వేసుకుని చూసి, ఇక్కడ వదులు, ఇక్కడ బిగుతు అని చెప్తారా లేదా?”

అత్తగారికి చెవులు కాస్త మందమే గానీ, తనకి పనికొచ్చే మాటలు బాగానే వినిపిస్తాయి. “నాకేం అభ్యంతరం లేదు. ముందు అల్లుడుగారు నా దిండు గలీబులు ఇప్పించాలి” అంది. కోపంగా ఉన్నప్పుడు ఆవిడకి అతను అల్లుడుగారు, మనసు బాగుంటే నాయన. ఆ గలీబుల గుడ్డ ఇచ్చిన దగ్గర్నుంచీ అతను అల్లుడుగారుగానే ఉన్నాడు. తప్పేది లేక కూర్చుని కుట్టేశాడు. గలీబులకి గుండీలుండవు కాబట్టి ఒక్క పూటలో అయిపోయాయి.

మర్నాడు పొద్దున ఇల్లు ఖాళీ అయ్యాక ముక్కాలిపీట వేసుకుని ఆవిడ ముందు కూర్చున్నాడు. పాఠం గుండె గురించి. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“గుండె... గుండె ఉంటుంది.”

“అది నాకూ తెలుసు. తర్వాత?”

తర్వాత ఏమీ లేదు. ఎన్నిసార్లు చదివాడో, ఎన్ని రంగులు పూశాడో, మూసిన అట్ట దాటి ఒక్క ముక్క బయటికి రాలేదు. లేచి వెళ్ళి మళ్ళీ చదివి వచ్చాడు. ఈసారి కాస్త వచ్చింది. చెడు రక్తం కుడి పక్కకి వస్తుంది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి వెళ్తుంది, శుభ్రపడి ఎడమ పక్కకి వచ్చి ఒళ్ళంతా పోతుంది.

“ఇక్కడ వదులుగా ఉంది నాయనా” అందావిడ. “పోయిన రక్తం మళ్ళీ వెనక్కి తన్నుకురాదూ?”

పుస్తకం తీసి చూస్తే జవాబు అక్కడే ఉంది, ఎర్ర గీతకీ పచ్చ గీతకీ మధ్య. “కవాటాలు ఉంటాయట అత్తయ్యా.”

“కవాటమంటే తలుపు కదూ?”

అవును, తలుపే. అన్నిసార్లు చదివినా ఆ మాటని అతను తలుపులా చూడలేదు, పరీక్షలో రాయాల్సిన ఒక కష్టమైన మాటలాగే చూశాడు. “తలుపేనండీ. ఒక పక్కకే తెరుచుకునే తలుపు. అర్థమైందా అత్తయ్యా?”

“అయింది. మా అమ్మాయి బస్సులాగా. ఎక్కేవాళ్ళకొకటి, దిగేవాళ్ళకొకటి.”

ఆ రోజు నుంచి అతను పుస్తకం పట్టుకునే తీరే మారిపోయింది. ఇంతకు ముందు పేజీ చివరికి ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. ఇప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇక్కడ అత్తయ్య ఏం అడుగుతుందా అని ముందే వెతుక్కుంటున్నాడు. ఆవిడ తలాడించేదాకా తర్వాతి పాఠం జోలికి పోవడం లేదు. ఆవిడతో సులువేం కాదు. ఆమ్లాలూ క్షారాలూ చెప్తే, ఇంట్లో ఉన్న సబ్బూ సోడా తెప్పించి ఏది ఏమిటో తేల్చమంది. విద్యుత్తు చెప్తే, మరి వాన పడగానే ఎందుకు పోతుందని నిలదీసింది. దానికి పుస్తకంలో జవాబు లేదు. పైగా నిన్న చెప్పింది ఇవాళ మర్చిపోతుంది. “ఆ కవాటాల సంగతి మళ్ళీ చెప్పు నాయనా” అంటుంది, ఎక్కడ? భోజనాల దగ్గర, ముద్ద నోట్లో ఉండగా. చెప్పీ చెప్పీ అతనికి తల ప్రాణం తోకకొచ్చేది. కానీ అలా చెప్పిన పాఠం ఒక్కటీ తలలోంచి జారిపోలేదు. ఆవిడ మతిమరుపు అతని జ్ఞాపకశక్తికి అలా కలిసొచ్చింది.

కటకాల పాఠం మాత్రం రేపయ్య వెనక్కి నెడుతూ వచ్చాడు. పరువు పోయిన చోటికి ఎవరు మాత్రం సరదాగా వెళ్తారు? ఒక ఉదయం ఆవిడే పట్టుబట్టింది. “ఆ బొడ్డు సంగతేదో ఇవాళ తేల్చు.” తన కళ్ళజోడు తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని కిటికీ దగ్గర ఎండకి పట్టాడు. గచ్చు మీద వెలుగు మరకలాగా పడింది. ముందుకీ వెనక్కీ జరిపాడు. మరక చిన్నదై చిన్నదై, ఒకచోట చురుక్కుమనే చుక్కయింది.

“ఇదిగో అత్తయ్యా, నాభి.”

ఆవిడ వంగి చూసింది, మోకాళ్ళ సంగతి కూడా మర్చిపోయి. రేపయ్య చెయ్యి అలవాటుగా మెడలోని టేపు మీదకి పోయింది. అద్దం దగ్గర ఒక కొస పట్టుకోమని ఆవిడకిచ్చి, రెండో కొస చుక్క దాకా లాగాడు. “ఈ దూరమే నాభ్యంతరం.”

“నేను ఊపిరి బిగబట్టనా?” అంది అత్తగారు.

అత్తా అల్లుళ్ళు పడీపడీ నవ్వారు. పాంటు కోసం వచ్చిన పక్కింటాయన గుమ్మంలోనే నిలబడిపోయి, వీళ్ళకేమైందో తెలియక, రేపు వస్తానని తనే చెప్పి వెళ్ళిపోయాడు.

పరీక్ష వచ్చింది. రేపయ్య హాల్లో కూర్చుని ప్రశ్నపత్రం చదువుతుంటే ప్రతి ప్రశ్నా అత్తగారి గొంతుతోనే వినిపించింది. అతను జవాబులు రాయలేదు, ఆవిడకి అప్పజెప్పాడు. ఒకచోట అలవాటు కొద్దీ “అర్థమైందా” అని కూడా రాసేసి, నాలుక్కరుచుకుని కొట్టేశాడు. చివరి గంట కొట్టకముందే పేపరు ఇచ్చేసి లేచాడు. అతను గడువు కన్నా ముందు ఒక పని పూర్తి చేసి ఒకరి చేతిలో పెట్టడం చూసుంటే వీధి మొత్తం పండగ చేసుకునేది.

ఫలితాలు వచ్చిన రోజు మేడమ్ క్లాసులోకి వచ్చి అందరి ముందూ చెప్పింది. మీ సార్ పాసయ్యారు, ఇక ఇక్కడే ఉంటారు అంది. మిషన్లన్నీ ఆగిపోయాయి. నేర్చుకునేవాళ్ళంతా లేచి చప్పట్లు కొడుతూ సార్, సార్ అంటుంటే రేపయ్యకి కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనుకోలేదు. మిఠాయి పొట్లం కొనుక్కుని ఇంటికి పరిగెత్తాడు.

కూతురు ఎగిరి గంతేసింది. భార్య సంచిలోంచి విజిల్ తీసి ఇంట్లోనే ఊదింది. అత్తగారు మాత్రం పేము కుర్చీలో కదలకుండా కూర్చుని, ఇచ్చిన మిఠాయిని చేతిలోనే పట్టుకుంది.

“అన్నీ పాసయ్యావా నాయనా?”

“అన్నీ అత్తయ్యా.”

“ఒక్కటి కూడా మిగల్లేదా?”

కూతురు ఫక్కున నవ్వింది. భార్య నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

“బాగుంది, చాలా సంతోషం” అందావిడ కిటికీ వైపు చూస్తూ. “అందరూ నన్ను బాగానే చూసుకుంటారు, కాదనను. తిన్నావా అంటారు, మాత్ర వేసుకున్నావా అంటారు, దుప్పటి కావాలా అంటారు. అర్థమైందా అని అడిగినవాడివి నువ్వొక్కడివే. పొద్దున్నే లేస్తూనే ఇవాళ ఏ పాఠమో అనుకునేదాన్ని. నువ్వు పరీక్ష తప్పితే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా. నన్ను తిట్టుకోకు నాయనా.”

రేపయ్యకి తన మీద తనకే కోపం వచ్చింది. ఇంటి బయట సార్ అనిపించుకోవాలని అంత తాపత్రయపడ్డాడు గానీ, ఇంట్లో తన పాఠం కోసం ఒక మనిషి ఎదురుచూస్తోందని అతనికి తట్టనేలేదు. పొట్లం పక్కన పెట్టి, ముక్కాలిపీట ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“దీని పైన ఇంకో పరీక్ష ఉంది అత్తయ్యా. పుస్తకాలు లావుగా ఉంటాయి. మొత్తం అవడానికి రెండేళ్ళు పడుతుంది.”

ఆవిడ అతని వైపు తిరిగి, చేతిలోని మిఠాయి నోట్లో వేసుకుంది.

“పడనీ నాయనా,” అంది. “నాకేం తొందర?”